ఇంట్లోంచి సర్వర్ ఆపేస్తారు సరే, మధ్యాహ్నం దాన్ని లేపేదెవరు?

ప్రశ్న: మాది అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో చిన్న ప్రింటింగ్ యూనిట్. లెక్కలు, డిజైన్ ఫైళ్లు అన్నీ ఒక ఉబుంటు సర్వర్ మీద ఉంటాయి. డిజైనర్లు విండోస్ కంప్యూటర్ల నుంచి సాంబా షేర్‌లోనే (విండోస్ నుంచి తెరుచుకునే సర్వర్ ఫోల్డర్) పని చేస్తారు. మెయింటెనెన్స్ ఉన్న రోజు ఈబీ (కరెంటు బోర్డు) వాళ్లు ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 2 దాకా కరెంటు తీసేస్తారు. మా యూపీఎస్ 20 నిమిషాలకు మించి ఆగదు. నేనుండేది వేళచ్చేరిలో. ఆ రోజుల్లో ఇంటి నుంచే రౌటర్ వీపీఎన్‌లోకి (ఆఫీసు నెట్‌వర్క్‌లోకి ఇంటర్నెట్ మీదుగా వెళ్లే సురక్షిత దారి) వెళ్లి, ఎస్ఎస్‌హెచ్‌లో (దూరం నుంచే కమాండ్లిచ్చే పద్ధతి) సర్వర్‌ని ఆపుతున్నాను. ఒక్కోసారి కమాండ్ ఇచ్చాక టెర్మినల్ (కమాండ్లు టైప్ చేసే విండో) బిగుసుకుపోతుంది, మెషిన్ ఆగిందో లేదో తెలియదు. లాగిన్ అవ్వకుండా ఒకే లైన్లో కమాండ్ పంపితే, పాస్‌వర్డ్ చదవడానికి టెర్మినల్ కావాలంటూ సుడో (అడ్మిన్ హక్కులతో కమాండ్ నడిపేది) ఎర్రర్ ఇస్తుంది. బెంగళూరు పీణ్యలోని మా బ్రాంచి సర్వర్ కూడా నేనే చూస్తాను. రెండు విండోలూ ఒకేలా ఉంటాయి, ఏదో ఒక రోజు తప్పు మెషిన్ ఆపేస్తానేమోనని భయం. మళ్లీ ఆన్ చేయడానికి మాత్రం ఎవరో ఒకరు వెళ్లాల్సిందేనా?
— ఒక పాఠకురాలు, చెన్నై

జవాబు: చివర్లో అడిగారు గానీ అసలు ప్రశ్న అదేనండీ. మళ్లీ లేచే దారి చూసుకోకుండా దూరాన ఉన్న మెషిన్‌ని ఆపకూడదు. రీబూట్ అయితే దానంతట అదే లేస్తుంది. పవర్ ఆఫ్ అయ్యాక మాత్రం ఎస్ఎస్‌హెచ్ ఉండదు, వీపీఎన్ తగిలినా అవతల పలికేవాళ్లుండరు. మనిషి వెళ్లి బటన్ నొక్కకుండా అది లేవాలంటే మూడు దారులున్నాయి: కరెంటు రాగానే లేపే బయోస్ (మెషిన్ ఆన్ కాగానే ముందు నడిచే మదర్‌బోర్డు ప్రోగ్రామ్) సెట్టింగ్, మదర్‌బోర్డు గడియారంలో అలారం, నెట్‌వర్క్ మీద పంపే ప్యాకెట్. మీ పరిస్థితిలో మొదటి రెండూ కలిపి వాడాలి. ఏ ఒక్కటీ చాలదు.

బయోస్‌లో 'రీస్టోర్ ఆన్ ఏసీ పవర్ లాస్' అనో 'ఏసీ బ్యాక్' అనో కంపెనీని బట్టి ఒక ఆప్షన్ ఉంటుంది. అందులో సాధారణంగా పవర్ ఆఫ్, పవర్ ఆన్, లాస్ట్ స్టేట్ అని మూడు కనిపిస్తాయి. చాలామంది లాస్ట్ స్టేట్ పెట్టేసి ధీమాగా ఉంటారు. కానీ మీరు కమాండ్‌తో ఆపాకే కదా కరెంటు పోయేది? అప్పటికి దాని చివరి స్థితి ఆఫ్. కరెంటు వచ్చినా అలాగే పడుంటుంది. కాబట్టి పవర్ ఆన్ పెట్టాలి.

అక్కడితో అయిపోతే బాగుండేది. మధ్యలో యూపీఎస్ ఉంది. సర్వర్ నడుస్తున్నప్పుడు 20 నిమిషాల్లో చేతులెత్తేసే యూపీఎస్, సర్వర్ ఆగాక లోడు దాదాపు లేనట్టే కాబట్టి గంటలకొద్దీ లాగొచ్చు. మధ్యాహ్నం రెండింటి దాకా బ్యాటరీ నిలబడిందనుకోండి, సర్వర్ ప్లగ్ వరకు కరెంటు అసలు పోనేలేదు. పోకుండానే తిరిగి వచ్చిందని బయోస్‌కి ఎలా తెలుస్తుంది? లేవదు. అదే రౌటర్ కూడా ఆ యూపీఎస్ మీదే ఉంటే బ్యాటరీ ముందే దిగిపోవచ్చు, అప్పుడు లేస్తుంది. ఏ రోజు ఏది జరుగుతుందో చెప్పలేం కాబట్టి అలారం కూడా పెట్టాలి.

ఇక్కడి నుంచి కమాండ్లన్నీ తెలుగు లిపిలో రాస్తున్నాం. టైప్ చేసేది మాత్రం ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోనే; పెద్దక్షరం కావాల్సిన చోట విడిగా చెప్తాం. ఆ రోజు ఉదయం, సర్వర్ ఆపే ముందు ఇది ఇవ్వండి:

సుడో ఆర్‌టీసీవేక్ -ఎమ్ నో --డేట్ 15:00

'-ఎమ్ నో' అంటే అలారం మాత్రం పెట్టు, మెషిన్‌ని ఇప్పుడు ఏమీ చేయకు అని. పడిందో లేదో 'సుడో ఆర్‌టీసీవేక్ -ఎమ్ షో' చెప్తుంది. రెండింటికి వస్తుందన్న కరెంటుకు మూడింటి అలారం ఎందుకంటే, అలారం మోగే క్షణానికి ఎస్ఎంపీఎస్‌లో (మెషిన్ పవర్ సప్లై) స్టాండ్‌బై కరెంటు (మెషిన్ ఆఫ్‌లో ఉన్నా బోర్డుకు అందే కొద్ది కరెంటు) ఉండాలి. గడియారం నాణెం బ్యాటరీ మీద నడుస్తూనే ఉంటుంది, కానీ మెషిన్‌ని లేపే శక్తి దానికి లేదు. కరెంటు రావడం ఆలస్యమై ఆ క్షణం దాటిపోతే అలారం వృథా. ఈబీ వాళ్లు చెప్పిన టైముకి గంట కలుపుకుంటే నష్టం లేదు. బ్యాటరీ దిగిపోయి, రెండింటికే బయోస్ సెట్టింగ్ మెషిన్‌ని లేపేసిందనుకోండి, నడుస్తున్న మెషిన్‌లో మూడింటి అలారం ఏ హానీ చేయదు.

బయోస్‌లో ఇంకో రెండు చూడాలి. ఈఆర్‌పీ అనే పొదుపు ఆప్షన్ ఆన్‌లో ఉంటే స్టాండ్‌బై కరెంటే కట్ అవుతుంది, అప్పుడు అలారమూ పనిచేయదు, నెట్‌వర్క్ ప్యాకెట్టూ పనిచేయదు. ఆఫ్ చేయండి. బయోస్‌లోనే విడిగా అలారం టైము పెట్టి ఉంటే కొన్ని బోర్డుల్లో అది లినక్స్ (అంటే మీ ఉబుంటు) పెట్టినదాన్ని తుడిచేస్తుంది, దాన్నీ తీసేయండి. కొన్ని పాత బోర్డులు 24 గంటలకు మించిన అలారాన్ని తీసుకోవు. అందుకే ముందు రోజులెప్పుడో కాకుండా ఆ రోజు పొద్దున్నే పెట్టమంటున్నాం.

టైమ్ జోన్ సంగతి ఇప్పుడే చూసుకోండి, ఎందుకంటే ఉబుంటు సర్వర్‌ని ఇన్‌స్టాల్ చేసి అలా వదిలేస్తే గడియారం యూటీసీలోనే (మనకన్నా ఐదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక టైము) ఉంటుంది. అలాంటి మెషిన్‌కి ఉదయం 8:30కి ఆగమని షెడ్యూల్ చేస్తే, మన టైములో అది మధ్యాహ్నం 2:00. అంటే కరెంటు 9కి పోతుంది, యూపీఎస్ 9:20కి చచ్చిపోతుంది, సర్వర్ దభాలున పడుతుంది. మీరేమో పద్ధతిగా ఆగిందనుకుంటారు. పైన చెప్పిన 15:00 అలారం కూడా అలాంటి మెషిన్‌లో రాత్రి 8:30కి మోగుతుంది. 'టైమ్‌డేట్‌సీటీఎల్' అని కొడితే జోన్ కనిపిస్తుంది. మార్చడానికి 'సుడో టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-టైమ్‌జోన్ ఏషియా/కోల్‌కతా'. ఇందులో ఏషియా, కోల్‌కతాల మొదటి అక్షరాలు పెద్దవి.

నెట్‌వర్క్ ప్యాకెట్‌తో లేపే వేక్ ఆన్ ల్యాన్ గురించి కూడా ఎక్కడో చదివే ఉంటారు. ఆ ప్యాకెట్ 102 బైట్లు: ముందు 6 ఎఫ్ఎఫ్ బైట్లు, వెనక ఆ నెట్‌వర్క్ కార్డు మ్యాక్ అడ్రస్ (ఆ కార్డు సొంత గుర్తింపు సంఖ్య) 16 సార్లు. ఇది ఆఫీసు లోకల్ నెట్‌వర్క్‌లో బ్రాడ్‌కాస్ట్‌గా (అన్ని మెషిన్లకూ ఒకేసారి) తిరగాల్సింది, మీ ఇంటి నుంచి వీపీఎన్ దాటి మామూలుగా పోదు. ఆఫీసులో ఎప్పుడూ నడిచే ఒక రాస్ప్‌బెరీ పై (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్) ఉంటే దానిలోకి లాగిన్ అయి పంపొచ్చు. రాస్ప్‌బెరీ పైకి కరెంటు తగిలితే చాలు, బూట్ అయిపోతుంది. అయితే చాలా కార్డులు స్టాండ్‌బై కరెంటు పూర్తిగా పోయి వచ్చాక, ఆపరేటింగ్ సిస్టమ్ ఒకసారి లేచేదాకా ఆ ప్యాకెట్‌ని పట్టించుకోవు. మామూలు రోజుల్లో పనికొస్తుంది గానీ కరెంటు కోత రోజున దీన్ని నమ్ముకోవద్దు.

ఇక ఆపడం. ముందుగా ఎవరెవరు వాడుతున్నారో చూడండి. 'హూ' కమాండ్ టెర్మినల్లో లాగిన్ అయినవాళ్లనే చూపిస్తుంది, మీ డిజైనర్లు అందులో కనపడరు. వాళ్ల కోసం:

సుడో ఎస్‌ఎంబీస్టేటస్ -ఎల్

ఈ ఎల్ పెద్దక్షరం. ఏ ఫైళ్లు ఎవరి చేతిలో తెరిచి ఉన్నాయో ఇది చెప్తుంది. షట్‌డౌన్ కమాండ్ పంపే హెచ్చరిక కూడా అంతే, టెర్మినళ్లలోనే కనిపిస్తుంది. విండోస్‌లో ఫోటోషాప్ ఫైలు తెరుచుకుని కూర్చున్నవాళ్లకు ఏ మెసేజీ రాదు, సేవ్ కొట్టేసరికి షేర్ ఉండదు. కాబట్టి ఆఫీసు వాట్సాప్ గ్రూపులో 8:15కే ఒక మాట వేయండి. బ్యాకప్ ఏదైనా నడుస్తోందా, ఏపీటీ (ఉబుంటులో ప్యాకేజీలు వేసే టూల్) అప్‌డేట్ మధ్యలో ఉందా అన్నది కూడా 'పీఎస్ ఏయూఎక్స్'లో (నడుస్తున్న ప్రోగ్రాముల జాబితా) ఒకసారి కళ్లతో చూడండి. కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) ప్యాకేజీ సగంలో ఉండగా ఆపితే మధ్యాహ్నం లేచే మెషిన్ బూట్ మధ్యలో ఆగిపోవచ్చు. అప్పుడు మాత్రం మనిషి వెళ్లాల్సిందే.

సుడో షట్‌డౌన్ -హెచ్ +15

ఇది 15 నిమిషాల్లో ఆపమని. టైము ఇవ్వకపోతే ఒక నిమిషం అనుకుంటుంది. 'నౌ' అంటే అప్పటికప్పుడే. మనసు మారితే 'సుడో షట్‌డౌన్ -సీ'. ఈ షెడ్యూల్‌ని సిస్టమ్‌డీ (ఉబుంటులో సర్వీసులను నడిపే, ఆపే ప్రోగ్రామ్) గుర్తుపెట్టుకుంటుంది కాబట్టి మీరు లాగౌట్ అయినా, వీపీఎన్ తెగినా అది ఆగదు. కానీ చివరి 5 నిమిషాల్లో మామూలు యూజర్లను లోపలికి రానివ్వదు. +5 అని ఇచ్చి బయటికొచ్చేసి, "అయ్యో, డిజైనర్ ఇంకా సేవ్ చేయలేదట" అని వెనక్కి వెళ్దామంటే, సిస్టమ్ ఆగబోతోంది అంటూ తలుపు వేసేస్తుంది. రద్దు చేసే దారే ఉండదు. అందుకే మెషిన్ ఆగేదాకా ఆ విండో మూయకండి.

'-హెచ్'లో అక్షరం చిన్నదే ఉండాలి. పెద్ద హెచ్ అంటే హాల్ట్. ప్రాసెసర్ ఆగుతుంది, కరెంటు మాత్రం అలాగే వెలుగుతుంది. యూపీఎస్‌ని తింటూనే ఉంటుంది, పైగా బయోస్ దృష్టిలో ఆ మెషిన్ ఆగలేదు కాబట్టి అలారం దాన్ని లేపదు. విడిగా 'హాల్ట్' అనే కమాండ్ కూడా ఇదే పని చేస్తుంది, దాని జోలికి పోకండి.

ఒకే లైన్లో పంపితే సుడో టెర్మినల్ కావాలనడానికి కారణం: ఎస్ఎస్‌హెచ్‌కి కమాండ్ కూడా కలిపి ఇస్తే అది అవతల టెర్మినల్ తెరవదు, నేరుగా కమాండ్ నడిపేస్తుంది. పాస్‌వర్డ్ అడగడానికి సుడోకి చోటుండదు. '-టి' చేర్చితే టెర్మినల్ వస్తుంది:

ఎస్ఎస్‌హెచ్ -టి ప్రెస్@అంబత్తూరు సుడో షట్‌డౌన్ -హెచ్ +1

ఇక్కడ ప్రెస్ అన్నది యూజర్ పేరు, అంబత్తూరు అన్నది సర్వర్ పేరు. 'నౌ'కి బదులు '+1' ఎందుకంటే, 'నౌ' ఇస్తే కమాండ్ పూర్తికాకముందే లైను తెగి ఎస్ఎస్‌హెచ్ 255 అనే ఎర్రర్ కోడ్‌తో బయటపడవచ్చు. దీన్ని స్క్రిప్టులో పెడితే, పని సరిగ్గా జరిగినా ఫెయిలైందని స్క్రిప్టు ఆగిపోతుంది. +1 అయితే కమాండ్ చక్కగా ముగిసి, మీరు బయటికొచ్చాక మెషిన్ ఆగుతుంది.

పాస్‌వర్డే వద్దనుకుంటే సుడోర్స్‌లో (సుడో నియమాలుండే ఫైళ్లు) ఒక్క షట్‌డౌన్‌కి మాత్రం మినహాయింపు ఇవ్వండి, మొత్తం సుడోకి కాదు. 'సుడో విసుడో -ఎఫ్ /ఈటీసీ/సుడోర్స్.డి/ఆపు' అని తెరిచి (ఆ 'ఆపు' చోట మీకు నచ్చిన ఇంగ్లిష్ పేరు) ఈ లైను రాయండి:

ప్రెస్ ఆల్=(రూట్) నోపాస్‌డబ్ల్యూడీ: /యూఎస్ఆర్/ఎస్‌బిన్/షట్‌డౌన్

ఆల్, నోపాస్‌డబ్ల్యూడీ రెండూ పూర్తిగా పెద్దక్షరాల్లో. రెండోదాని చివర డబ్ల్యూ, డీలే ఉంటాయి, మధ్యలో ఓఆర్ రాయకూడదు. ఫైలు పేరులో చుక్క ఉంటే సుడో ఆ ఫైలును చదవను కూడా చదవదు, ఎర్రర్ చెప్పదు. మామూలు ఎడిటర్‌తో తెరిస్తే ఒక్క అక్షరం తప్పుకే సుడో మొత్తం పడిపోవచ్చు. దూరాన ఉన్న మెషిన్‌లో అది పెద్ద తలనొప్పి, విసుడో అయితే తప్పుంటే సేవ్ చేసే ముందే పట్టుకుంటుంది.

టెర్మినల్ బిగుసుకుపోవడం చాలాసార్లు మీ వైపు సమస్యే, సర్వర్‌ది కాదు. ఆగేటప్పుడు అవతల ఎస్ఎస్‌హెచ్ సెషన్ మూసుకునేలోపే నెట్‌వర్క్ పోతే, లైను మూసినట్టు మీకు కబురు రాదు. మీ కంప్యూటర్ దానికోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది. ఎంటర్ కొట్టి, తర్వాత టిల్డె (~), తర్వాత చుక్క వరసగా నొక్కండి, బయటపడతారు. ఒక ఎస్ఎస్‌హెచ్‌లోంచి ఇంకో ఎస్ఎస్‌హెచ్‌లోకి వెళ్లి ఉంటే, లోపలిదాన్ని తెంచడానికి టిల్డె రెండుసార్లు. శాశ్వతంగా కావాలంటే మీ ల్యాప్‌టాప్‌లో ఎస్ఎస్‌హెచ్ కాన్ఫిగ్‌లో సర్వర్ఎలైవ్ఇంటర్వల్ 5, సర్వర్ఎలైవ్‌కౌంట్‌మ్యాక్స్ 3 పెట్టండి, 15 సెకన్లలో దానంతట అదే వదిలేస్తుంది. ప్రతిసారీ బిగుసుకుంటోందంటే సర్వర్‌లో లిబ్‌పామ్-సిస్టమ్‌డీ ప్యాకేజీ ఉందో లేదో, ఎస్ఎస్‌హెచ్‌డీ కాన్ఫిగ్‌లో యూజ్‌పామ్ ఎస్ అని ఉందో లేదో చూడండి. ఆ రెండూ ఉంటే సెషన్లను నెట్‌వర్క్ కంటే ముందు మూసే బాధ్యత సిస్టమ్‌డీ తీసుకుంటుంది.

మరి ఆగిందని ఎలా తెలుసుకోవాలి? పింగ్‌కి (మెషిన్ పలుకుతుందో లేదో చూసే కమాండ్) జవాబు ఆగిపోయిందంటే నెట్‌వర్క్ పోయిందనే అర్థం, కరెంటు ఆగిందని కాదు. ఏదైనా సర్వీస్ మొండికేస్తే సిస్టమ్‌డీ మామూలుగా 90 సెకన్లు దానికోసం ఆగి, అప్పుడు బలవంతంగా చంపుతుంది. నెట్‌వర్క్ డ్రైవ్‌లు మౌంట్ అయి (సర్వర్‌కి జోడించి) ఉండి, వాటికన్నా ముందు నెట్‌వర్క్ పోతే ఇంకా ఎక్కువసేపు వేలాడుతుంది. పింగ్ పోయాక కనీసం రెండు మూడు నిమిషాలు ఇవ్వండి. ఖాయంగా తెలియాలంటే సర్వర్‌కి, యూపీఎస్‌కి మధ్య వాట్లు చూపించే స్మార్ట్ ప్లగ్ ఒకటి పెట్టండి. నడుస్తున్నప్పుడు పదుల్లో ఉండే అంకె కొద్ది వాట్లకు పడిపోతే ఆగినట్టే. దాని యాప్‌లోంచి ప్లగ్ ఆఫ్ చేసి ఆన్ చేస్తే బయోస్‌కి కరెంటు పోయి వచ్చినట్టు కనిపిస్తుంది. ఆరు నూరైనా లేవని రోజున అది నాలుగో దారి.

కమాండ్ ఇస్తే అసలు ఆగడమే మొదలుపెట్టకుండా, బస్‌కి (సిస్టమ్‌డీతో మాట్లాడే దారి) కనెక్ట్ కాలేకపోయాననే రకం ఎర్రర్లు వస్తే 'సుడో సిస్టమ్‌సీటీఎల్ పవరాఫ్ -ఎఫ్' వాడొచ్చు. ఇది సర్వీసులను పద్ధతిగా ఆపదు, ప్రాసెస్‌లను చంపి డిస్కులను అన్‌మౌంట్ చేసి ఆపుతుంది. డేటాబేస్ ఉంటే దాన్ని ముందు విడిగా ఆపండి. '-ఎఫ్' రెండుసార్లు ఇస్తే అన్‌మౌంట్ కూడా ఉండదు, డేటా పోవచ్చు. అంతదాకా వచ్చిందంటే దానికన్నా కెర్నల్‌కే నేరుగా ఆదేశమిచ్చే ఇది మేలు:

ఎకో ఎస్ | సుడో టీ /ప్రాక్/సిస్‌ఆర్‌క్యూ-ట్రిగ్గర్

ఎస్ తర్వాత యూ, ఆ తర్వాత ఓ, ఒక్కోదాని మధ్య కొన్ని సెకన్లు ఆగి ఇదే లైను ఇవ్వాలి. ఎస్ డేటాను డిస్కుకి దించుతుంది, యూ డిస్కులను రీడ్-ఓన్లీ చేస్తుంది, ఓ కరెంటు ఆపుతుంది. పొరపాటున ఓ బదులు బీ కొడితే రీబూట్ అవుతుంది. 'టీ' పెట్టకుండా సుడో ఎకో అని బాణం గుర్తుతో రాస్తే పర్మిషన్ లేదంటుంది, ఎందుకంటే ఆ బాణం పని చేసేది మీ షెల్, సుడో కాదు.

పీణ్య సంగతి. రెండు సర్వర్లలోనూ 'మోలీ-గార్డ్' అనే ప్యాకేజీ వేయండి, ఉబుంటులో ఏపీటీతోనే వస్తుంది. ఎస్ఎస్‌హెచ్‌లోంచి షట్‌డౌన్, రీబూట్ ఏది కొట్టినా, "ఈ మెషిన్ పేరు టైప్ చెయ్యి" అంటుంది. తప్పు పేరు కొడితే ఆపదు. పాత ఐబీఎం 4341 మెయిన్‌ఫ్రేమ్ పెద్ద ఎర్ర స్విచ్చును మోలీ అనే చిన్నపాప ఒకే రోజు రెండుసార్లు నొక్కేసిందట, దానిమీద వేసిన మూత పేరు ఈ ప్యాకేజీకి వచ్చింది. టెర్మినల్ లేకుండా స్క్రిప్టుతో పంపే కమాండ్లకు ఇది అడ్డురాదు, అక్కడ మీరే జాగ్రత్తపడాలి. ప్రాంప్ట్ (కమాండ్ టైప్ చేసే చోటికి ముందు కనిపించే పేరు) రంగు కూడా మార్చండి, పీణ్యది ఎరుపు, అంబత్తూరుది ఆకుపచ్చ. ఒకవేళ పీణ్యకు అంబత్తూరు సర్వర్ మీదుగానే వెళ్తుంటే, అంబత్తూరు ఆగిన క్షణం పీణ్యకూ దారి పోతుంది. అక్కడి పని ముందు ముగించుకోండి.

మధ్యాహ్నం సర్వర్ లేచాక, పొద్దున్న పద్ధతిగా ఆగిందో లేదో ఇది చెప్తుంది:

జర్నల్‌సీటీఎల్ -బీ -1 -ఎన్ 30

పోయినసారి బూట్‌లోని చివరి 30 లైన్లు వస్తాయి. చివర్లో జర్నల్ (సిస్టమ్ రాసుకునే లాగ్) ఆగిందన్న లైను కనిపిస్తే సవ్యంగా ఆగినట్టు. ఏదో మామూలు పని మధ్యలో లైన్లు హఠాత్తుగా తెగిపోయి ఉంటే యూపీఎస్ అయిపోయి పడిపోయినట్టు.

ఇదంతా అసలు కోత రోజున మొదటిసారి చేయకండి. ఆఫీసులో ఎవరైనా ఉన్న ఒక సాయంత్రం ఇంటి నుంచి అలారం 20 నిమిషాలకు పెట్టి సర్వర్ ఆపండి, దానంతట అది లేస్తుందో చూడండి. ఇంకోరోజు సర్వర్ ఆపాక యూపీఎస్ ప్లగ్‌ని గోడలోంచి తీయించి, సర్వర్ లేని లోడుతో బ్యాటరీ ఎంతసేపు లాగుతుందో లెక్కపెట్టించండి. బ్యాటరీ పాతదైతే, సర్వర్ నడుస్తుండగా 20 నిమిషాలన్న అంకె కూడా పాతబడి ఉంటుంది.